విమానం పొట్టలో మంట లేస్తే? హాలన్ సీసాలు, ఏడీలు, మన గల్ఫ్ అట్టపెట్టెలు

ఈ ఎపిసోడ్ కొంచెం టెక్నికల్‌గా ఉంటది. అయినా చివరి దాకా ఉండండి. ఎందుకంటే మాట మొదలయ్యేది విమానం ఇంజనీరింగ్ దగ్గర, ఆగేది మాత్రం మీ చేతిలోని ఫోన్ దగ్గర, మీ బ్యాగులోని పవర్ బ్యాంక్ దగ్గర, దుబాయ్ నుంచి మన ఇండ్లకు వచ్చే అట్టపెట్టె దగ్గర.

ప్రశ్న ఒక్కటే. విమానం 35 వేల అడుగుల ఎత్తులో ఉంది. కింద సామాను పెట్టే గదిలో మంట లేచింది. ఇప్పుడేంది?

రైలైతే చైను లాగుతాం. 2008లో కేసముద్రం దగ్గర గౌతమి ఎక్స్‌ప్రెస్ బోగీలు కాలిపోయినయి, చాలా ప్రాణాలు పోయినయి. అంత ఘోరంలో కూడా రైలు ఆగింది కాబట్టి దిగినవాళ్ళు దిగగలిగారు. విమానానికి చైను లేదు, దిగడానికి కింద నేల లేదు. ఫైర్ ఇంజన్ వచ్చే దారి అసలే లేదు. పైగా మంట లేచిన ఆ గదిలోకి మనిషి పోలేడు. మీ సీటు కింద, ఫ్లోర్ అవతల ఉంటది అది. ఎయిర్ హోస్టెస్ సిలిండర్ పట్టుకుని వెళ్ళే తలుపు కూడా ఉండదు.

కాబట్టి ఆ మంటను కనిపెట్టేది, ఆపేది, విమానం దిగేదాకా లేవకుండా తొక్కి పట్టేది అన్నీ మెషీన్లే. ఆ మెషీన్లు పని చేస్తున్నాయా లేదా అని ఎవరు చూస్తారు? వాటిలో లోపం బయటపడితే ప్రపంచంలో ఉన్న అన్ని విమానాలకూ ఆ కబురు ఎట్లా చేరుతది? ఈ రోజు అదే మాట్లాడుకుందాం.

ముందు ఆ గది ఎట్లా ఉంటదో చూద్దాం

మన శంషాబాద్ నుంచి ఎగిరే మామూలు ప్యాసింజర్ విమానం తీసుకోండి. కింద ముందు భాగంలో ఒక కార్గో గది, వెనక భాగంలో ఇంకొకటి ఉంటాయి. మీ సూట్‌కేసులు, కొరియర్ పార్సిళ్ళు, మందుల డబ్బాలు అన్నీ అక్కడే. ఆ గది గోడలకు, పైకప్పుకు మంట తట్టుకునే ఫైబర్‌గ్లాస్ లాంటి షీట్లు వేస్తారు. దాన్ని లైనర్ అంటారు. దాని పని రెండు రకాలు. మంట బయటికి పాకకుండా ఆపాలి, ఆర్పడానికి వదిలిన గ్యాస్ బయటికి కారిపోకుండా ఆపాలి. ఈ రెండో పని గుర్తు పెట్టుకోండి, తర్వాత కావాలి.

పైకప్పులో పొగ పసిగట్టే సెన్సర్లు ఉంటాయి. మంట మొదలైన ఒక్క నిమిషం లోపల పైలట్‌కు తెలియాలి అనేది రూల్. కాక్‌పిట్‌లో ఎర్ర లైటు, గంట. ఈ హెచ్చరికల్లో చాలావరకు ఉత్తవే. దుమ్ము లేచినా, కూరగాయల నుంచి తేమ వచ్చినా సెన్సర్ పొగ అనుకుంటది. కానీ పైలట్‌కు కిందికి పోయి చూసే వీలు లేదు కాబట్టి ప్రతి దాన్నీ నిజం మంట అనుకునే పని చేస్తాడు. ఆ గదికి గాలి పోవడం ఆపేస్తాడు. బటన్ నొక్కుతాడు. దగ్గర్లో ఉన్న సరైన ఎయిర్‌పోర్ట్ వైపు తిప్పుతాడు.

బటన్ నొక్కితే ఏమైతది? గట్టి లోహపు సీసాల్లో ఒత్తిడి మీద నింపి పెట్టిన హాలన్ 1301 అనే గ్యాస్ ఉంటది. సీసా మూతి దగ్గర చిన్న పేలుడు క్యాప్సూల్ ఉంటది, దాన్ని స్క్విబ్ అంటారు. కరెంటు పోగానే అది పేలి మూతి పగులుతది, గ్యాస్ పైపుల గుండా గదిలోకి దూసుకుపోతది.

హాలన్ ఏం చేస్తదో మా కోడింగ్ భాషలో చెప్తా. మంట అంటే ఆగని లూప్. వేడికి ఆవిరి పుడతది, ఆవిరి ఆక్సిజన్‌తో కలిసి మండుతది, ఆ మంట మళ్ళీ వేడి పుట్టిస్తది. హాలన్‌లో ఉన్న బ్రోమిన్ ఆ రసాయన చర్య మధ్యలో దూరి లూప్‌ను తెంపుతది. నీళ్ళలాగ చల్లార్చడం దాని అసలు పని కాదు. అందుకే తక్కువ గ్యాస్‌తో ఎక్కువ పని అయితది, సామాను తడవదు, పాడవదు.

ఒక సీసా సరిపోదు

ఇక్కడ అసలు విషయం ఉంది. ఆదిలాబాద్ వైపు జిన్నింగ్ మిల్లు చూసినవాళ్ళకు ఇది ఇట్టే అర్థమైతది. పత్తి బేలుకు నిప్పంటుకుంటే పై మంట ఆరిపోవచ్చు, కానీ లోపల నిప్పు రాజుకుంటనే ఉంటది. గంటల తర్వాత గాలి తగిలితే మళ్ళీ భగ్గుమంటది. నివురు గప్పిన నిప్పు అని మన పెద్దలు ఊరికే అనలేదు. కార్గో గదిలో బట్టల సూట్‌కేసులు, అట్టపెట్టెలు కూడా అట్లనే.

అందుకే సిస్టం రెండు దశల్లో పని చేస్తది. మొదటి దశలో సీసా ఒక్కసారిగా ఖాళీ అయ్యి గది గాలిలో హాలన్ కనీసం 5 శాతానికి చేరాలి. అది పైమంటను కొడతది. తర్వాత రెండో దశలో గ్యాస్ సన్నగా, లెక్క ప్రకారం వస్తూ గదిలో 3 శాతం తగ్గకుండా నిలబెట్టాలి. ఎంతసేపు? విమానం దిగేదాకా. సముద్రం మీద మూడు గంటల దూరం దాకా ఎయిర్‌పోర్ట్ లేని దారుల్లో ఎగరడానికి అనుమతి ఉన్న విమానమైతే, ఆ 180 నిమిషాల మీద ఇంకో 15 నిమిషాలు కలిపి 195 నిమిషాలు అది తొక్కి పట్టాలి.

అంటే ఈ సిస్టం మంటను పూర్తిగా చంపుతదని ఎవరూ మాటివ్వట్లేదు. మీకు టైం కొనిపెడతది, అంతే. ఆ టైం విలువ ఏందో తెలియాలంటే పాత కథలు రెండు చెప్పాలి.

ఈ రూల్స్ వెనక ఉన్న ప్రాణాలు

1980 ఆగస్టు 19. కరాచీ నుంచి రియాద్ మీదుగా జెద్దా పోయే సౌదియా 163. రియాద్‌లో ఎగిరిన ఏడు నిమిషాలకు వెనక కార్గో గదిలో పొగ హెచ్చరిక వచ్చింది. వెనక్కి తిప్పి రియాద్‌లోనే సరిగ్గా దించారు కూడా. కానీ విమానం వెంటనే ఆగలేదు, ఇంజన్లు వెంటనే ఆపలేదు, తలుపులు తెరుచుకోలేదు. లోపలున్న 301 మందీ చనిపోయారు. నేల మీద, రన్‌వే ఉన్న ఎయిర్‌పోర్ట్‌లో.

అప్పట్లో కార్గో గదుల్లో క్లాస్ డి అని ఒక రకం ఉండేది. ఆ డిజైన్ వెనక ఆలోచన ఏందంటే, గది గట్టిగా మూసి ఉంది కాబట్టి మంట లేచినా ఆక్సిజన్ అయిపోయి దానంతట అదే ఆరిపోతది అని. సెన్సర్ అక్కర్లేదు, సీసా అక్కర్లేదు. కాగితం మీద బాగానే ఉంది కదా?

1988లో అమెరికాలో నాష్‌విల్ దగ్గర ఒక ప్యాసింజర్ విమానం కార్గోలో కెమికల్ వల్ల మంట లేచింది. అందరూ బతికారు. అక్కడి ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ, క్లాస్ డి గదుల్లో కూడా పొగ సెన్సర్లు, ఆర్పే సిస్టం పెట్టాలని సిఫారసు చేసింది. ఖర్చు ఎక్కువ, దాంతో పోలిస్తే లాభం తక్కువ అన్న లెక్కతో రెగ్యులేటర్ ఎఫ్ఏఏ దాన్ని ఒప్పుకోలేదు.

1996 మే 11. వాల్యూజెట్ 592, మయామి నుంచి అట్లాంటా. ముందు కార్గో గదిలో పాత ఆక్సిజన్ జనరేటర్లు పెట్టెల్లో వేసి పంపారు. సీటు పైనుంచి మాస్క్ పడినప్పుడు మనకు ఆక్సిజన్ తయారు చేసి ఇచ్చే డబ్బాలు అవి. పని చేసేటప్పుడు విపరీతంగా వేడెక్కుతాయి. వాటికి ఉండాల్సిన సేఫ్టీ క్యాపులు లేవు, కాగితం మీద మాత్రం ‘ఖాళీవి’ అని రాసి ఉంది. అవి అంటుకున్నాయి. ఆక్సిజన్ అయిపోతే మంట ఆరిపోతదని కట్టిన గదిలో, మంటకు ఆక్సిజన్ ఇచ్చే సామానే మండింది. పది నిమిషాల్లో విమానం ఎవర్‌గ్లేడ్స్ చిత్తడిలో కూలింది. 110 మంది.

1998లో రూల్ వచ్చింది. 2001 మార్చి కల్లా అక్కడి ప్యాసింజర్ విమానాల్లో ఆ పాత గదులన్నిటికీ సెన్సర్లు, ఆర్పే సీసాలు పెట్టాలని. 1988లో చెప్పిన మాట 2001లో పూర్తయింది. మధ్యలో 110 మంది లేరు.

సరే, ఏడీ అంటే ఏంది?

ఇప్పుడు సీసాలు పెట్టారు. మరి ఆ సీసాలోనే లోపం ఉంటే?

సాఫ్ట్‌వేర్ చేసినవాళ్ళకు తెలుసు, అన్నిటికన్నా భయపెట్టే లోపం క్రాష్ అయ్యేది కాదు. క్రాష్ అయితే తెలుస్తది. భయపెట్టేది ఊరికే కూర్చున్న లోపం. బ్యాకప్ రోజూ తీస్తున్నాం అనుకుంటాం. అవసరం పడి తిరిగి ఎక్కించబోతే ఫైల్ తెరుచుకోదు. కార్గో ఫైర్ సిస్టం అచ్చంగా అట్లాంటి బ్యాకప్. ఒక విమానం 25 ఏండ్లు ఎగరవచ్చు, ఒక్కసారి కూడా ఆ సీసా వాడాల్సిన అవసరం రాకపోవచ్చు. ఇంజన్ పాడైతే చప్పుడు మారుతది, టైరు అరిగితే కనపడతది. సీసా పైపు వదులైతే ఎవరికి తెలుస్తది? మంట వచ్చిన రోజు తెలుస్తది.

అందుకే తనిఖీలు. సీసా ఒత్తిడి చూస్తారు. విప్పి తూకం వేస్తారు, ఎందుకంటే గ్యాస్ కారిపోతే బరువు తగ్గుతది. స్క్విబ్‌లకు గడువు తేదీ ఉంటది, పని చేసేలా ఉన్నా సరే గడువు దాటితే మార్చాల్సిందే. లైనర్ షీటుకు సూట్‌కేసు మూల తగిలి చిరుగు పడితే దానికి రూల్ ప్రకారం మరమ్మతు చేయాలి. ఇవన్నీ రోజువారీ మెయింటెనెన్స్ లెక్క.

ఏడీ దాని పైన ఉంటది. పూర్తి పేరు ఎయిర్‌వర్తీనెస్ డైరెక్టివ్. ఫలానా మోడల్‌లో ప్రమాదకరమైన లోపం ఉంది, అది ఆ మోడల్‌కు చెందిన మిగతా విమానాల్లో కూడా ఉండే అవకాశం ఉంది అని తేలినప్పుడు ప్రభుత్వ రెగ్యులేటర్ ఇచ్చే ఆదేశం అది. బోయింగ్‌కైతే అమెరికా ఎఫ్ఏఏ, ఎయిర్‌బస్‌కైతే యూరప్ ఈఏఎస్ఏ. అంటే విమానం డిజైన్‌కు సర్టిఫికెట్ ఇచ్చిన దేశం వాళ్ళు. మన దగ్గర డీజీసీఏ ఆ ఆదేశాలను ఇక్కడి విమానాలకు కూడా తప్పనిసరి చేస్తది. కాబట్టి అమెరికాలో ఒక ఇంజనీర్ కనిపెట్టిన లోపానికి శంషాబాద్ హ్యాంగర్‌లో ఇంకో ఇంజనీర్ టార్చి పట్టుకుని కార్గో గదిలో మోకాళ్ళ మీద పాకుతాడు.

ఫోన్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ వస్తది చూడండి, అది తయారీ కంపెనీ పంపేది. విమానాల్లో దాన్ని సర్వీస్ బులెటిన్ అంటారు, తయారీ కంపెనీ ఇచ్చే సలహా. ఏడీ అట్ల కాదు. ఏడీ వచ్చిందంటే అది చట్టం. ‘తర్వాత గుర్తు చేయి’ అనే బటన్ ఉండదు. గడువు లోపల చేయకపోతే విమానం ఎగరకూడదు.

ఏడీ కాగితంలో ఏముంటదో చూస్తే ముచ్చటగా ఉంటది. మంచి బగ్ రిపోర్ట్ లాగ ఉంటది. ఒకటి, ఎవరికి వర్తిస్తది: మోడల్, సీరియల్ నంబర్లు, పార్ట్ నంబర్లు. రెండు, ఎందుకు: ఏ లోపం దొరికింది, వదిలేస్తే ఏం జరగొచ్చు. మూడు, ఏం చేయాలి: చూడాలా, కొలవాలా, మార్చాలా. నాలుగు, ఎప్పటిలోగా: ఇన్ని గంటల ఎగురుడులో, ఇన్ని టేకాఫ్‌లలో, లేదా ఇన్ని నెలల్లో. మామూలుగా ముందు ముసాయిదా పెట్టి అభిప్రాయాలు అడుగుతారు. ప్రమాదం మరీ దగ్గర ఉందనుకుంటే ఎమర్జెన్సీ ఏడీ, అడగడాలు లేవు, వెంటనే. పని అయినాక లైసెన్స్ ఉన్న ఇంజనీర్ రికార్డులో సంతకం పెట్టాలి. ఆ సంతకం కింద అతని ఉద్యోగం, లైసెన్స్ రెండూ ఉంటాయి.

నిజంగా వచ్చిన ఆదేశాలు

ఉదాహరణలు లేకుండా ఇది గాలి మాటలాగ ఉంటది. మూడు చెప్తా.

మొదటిది బోయింగ్ 787 డ్రీమ్‌లైనర్. మన ఎయిర్ ఇండియా కూడా నడిపే విమానమే. కార్గో గది కింది భాగంలో ఒత్తిడి సమం చేయడానికి డీకంప్రెషన్ ప్యానెల్స్ అని ఉంటాయి. ఉన్నట్టుండి గాలి ఒత్తిడి పడిపోతే తెరుచుకోవాలి, మామూలుగా మూసి ఉండాలి. కొన్ని విమానాల్లో అవి చిరిగి, ఊడి ఉన్నట్టు దొరికాయి. ఊడితే ఏమైతది? ఎగరడానికి ఏ ఇబ్బందీ లేదు. ప్రయాణికుడికి తేడానే తెలియదు. కానీ మంట వచ్చిన రోజు హాలన్ ఆ సందుల్లోంచి కారిపోతది, 3 శాతం నిలబడదు. ఇందాక లైనర్ రెండో పని గుర్తు పెట్టుకోమన్నది ఇందుకే. సీసా నిండుగా ఉన్నా గది తూటు పడితే లాభం లేదు. కుండకు చిల్లి పడితే బావి నిండా నీళ్ళున్నా ఏం ఫాయిదా? ఆ ప్యానెళ్ళను మళ్ళీ మళ్ళీ తనిఖీ చేయాలని, ఊడినవాటిని బిగించాలని ఎఫ్ఏఏ ఆదేశం ఇచ్చింది.

రెండోది 2021 ఆగస్టు, బోయింగ్ 737 కుటుంబం. మాక్స్ రకాలతో పాటు అంతకు ముందు తరం కొన్ని కూడా. ఏసీ గాలి ఎంత రావాలో నియంత్రించే ఎలక్ట్రానిక్ భాగం ఫెయిల్ అయితే కార్గో గది వైపు పోయే గాలి లెక్క తప్పుతది, మంటను ఆపే శక్తి పోవచ్చు అని తేలింది. ప్రపంచవ్యాప్తంగా 2 వేలకు పైగా విమానాలు. ఆదేశం ఏమన్నదంటే, ఆ లోపంతో విమానం నడపాలంటే కార్గో గదిలో మండే సామాను ఏదీ ఉండకూడదు. చూశారా, సీసా ముట్టుకోలేదు, సెన్సర్ ముట్టుకోలేదు. ఏసీ లోపానికి పరిష్కారం సూట్‌కేసులు ఎక్కించకపోవడం. ఫైర్ సిస్టం అంటే సీసా ఒక్కటే కాదు, మొత్తం గది, గాలి, పైపులు అన్నీ కలిసి అని దీంతో అర్థమైతది.

మూడోది నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది. 2009లో బ్రిటన్‌లో, క్యాబిన్‌లో ఉండే చేతి సిలిండర్లలో వాడే హాలన్ 1211 కల్తీది అని బయటపడింది. సిలిండర్ బరువు సరిగ్గానే ఉంది, ఒత్తిడి సరిగ్గానే ఉంది, లోపల సరుకు సరైంది కాదు. యూరప్ రెగ్యులేటర్ ఆ సిలిండర్లను గుర్తించి తీసేయాలని ఆదేశాలు ఇచ్చింది. పాలల్లో నీళ్ళు కలిపితే కడుపు నొప్పి వస్తది. ఇందులో కలిపితే?

కల్తీకి ఒక మూలం ఉంది. హాలన్ ఓజోన్ పొరను తినేస్తది. అందుకే మాంట్రియల్ ఒప్పందం కింద అభివృద్ధి చెందిన దేశాలు 1994 నుంచి, మనలాంటి దేశాలు 2010 నుంచి దాని తయారీ ఆపేశాయి. ఇప్పుడు విమానాల్లో ఉన్నది పాతదాన్ని సేకరించి, శుద్ధి చేసి, మళ్ళీ నింపిందే. కొత్త పంట లేదు, పాత గింజలనే వాడుకుంటున్నాం. తయారీ లేని సరుకుకు కల్తీ భయం ఎప్పుడూ ఉంటది. 2024 నవంబర్ 28 తర్వాత కొత్త డిజైన్‌తో సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసే విమానాల కార్గో గదుల్లో హాలన్ ఉండకూడదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐసీఏఓ గడువు పెట్టింది. ఇప్పుడు ఎగురుతున్న వేల విమానాలు మాత్రం ఇంకా చాలా ఏండ్లు పాత హాలన్ మీదనే నడుస్తాయి.

ఇప్పుడు మీ జేబు దగ్గరికి వద్దాం

ఇప్పటి దాకా చెప్పిన సిస్టం మొత్తం బట్టలు, కాగితం, అట్టపెట్టెలు మండితే ఎట్లా అన్న ఆలోచనతో కట్టింది. లిథియం బ్యాటరీ ఆ లెక్కలో లేదు.

లిథియం బ్యాటరీ లోపల దెబ్బ తిన్నా, షార్ట్ అయినా దాని లోపలే వేడి పుట్టి, ఆ వేడితో ఇంకా వేడి పుట్టి, పక్క సెల్‌కు పాకుతది. దీన్ని థర్మల్ రనవే అంటారు. హాలన్ బయటి మంటను ఆపగలదు, కానీ సెల్ లోపల సాగే ఆ చర్యను ఆపలేదు. దాన్ని ఆపాలంటే చల్లార్చాలి, హాలన్‌కు చల్లార్చే బలం లేదు. పైగా ఆ సెల్ వదిలే గ్యాసులు మండే గ్యాసులు.

2010 సెప్టెంబర్ 3న దుబాయ్ నుంచి జర్మనీకి ఎగిరిన యూపీఎస్ 6 సరుకు విమానంలో లిథియం బ్యాటరీలు ఉన్న భాగంలో మంట లేచింది. హెచ్చరిక వచ్చిన అరగంట లోపల, కాక్‌పిట్ నిండా పొగ, మీటర్లు కూడా కనపడని స్థితిలో, దుబాయ్‌కే తిరిగి వచ్చి కూలిపోయింది. ఇద్దరు పైలట్లు పోయారు. 2016 ఏప్రిల్ 1 నుంచి ప్యాసింజర్ విమానాల్లో లిథియం అయాన్ బ్యాటరీలను విడి సరుకుగా పంపడాన్ని ఐసీఏఓ ఆపేసింది.

ఇది దూరం ముచ్చట అనుకోకండి. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలేచి, పైన గదుల్లో ఉన్నవాళ్ళు 8 మంది పోయారు. రోడ్డు పక్కన, ఫైర్ ఇంజన్లు వచ్చే చోట. ఆ పొగను మనసులో పెట్టుకుని ఒకసారి విమానం కింది గదిని ఊహించండి.

2017లో ఎఫ్ఏఏ వాళ్ళు ఒక ప్రయోగం ఫలితాలు బయటపెట్టారు. సూట్‌కేసులో ల్యాప్‌టాప్ పెట్టి, దాని బ్యాటరీని కావాలని వేడి చేశారు. పక్కన జుట్టుకు కొట్టుకునే స్ప్రే డబ్బా. నిమిషం కూడా కాకముందే ఆ డబ్బా పేలింది. హాలన్ పని చేసే టైం కూడా దొరకదు, పేలుడుకు లైనర్ దెబ్బ తింటే గ్యాస్ నిలవదు అన్నది వాళ్ళ ఆందోళన.

ఇప్పుడు మన అట్టపెట్టె గుర్తు తెచ్చుకోండి. నేను మాట్లాడేది కాగజ్‌నగర్ నుంచి. మాకు ఎయిర్‌పోర్ట్ లేదు, రైలెక్కి సికింద్రాబాద్ పోయి అక్కడి నుంచి శంషాబాద్ పోవాలి. కానీ కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, ఆదిలాబాద్ ఏ ఊరికి పోయినా గల్ఫ్ నుంచి నైలాన్ తాడుతో కట్టి, మార్కర్‌తో పేరు రాసి వచ్చిన పెట్టె చూడని ఇల్లు తక్కువ. అందులో ఏముంటది? తమ్ముడికి ఫోన్, బాపుకు చార్జింగ్ టార్చిలైటు, బావకు ట్రిమ్మర్, ఒక పవర్ బ్యాంక్, అందరికీ అత్తర్లు, నాలుగు బాడీ స్ప్రేలు. ప్రేమతో కట్టిన పెట్టె. కానీ ఇందాక చెప్పిన ప్రయోగంలో ఉన్న జోడీ అదే కదా, బ్యాటరీ పక్కన స్ప్రే డబ్బా.

చెక్-ఇన్ కౌంటర్ దగ్గర ఆ పెట్టె విప్పమంటే మనోళ్ళకు చిన్నతనం అనిపిస్తది. పేదోడి పెట్టె కాబట్టి విప్పిస్తున్నరు అనుకుంటరు. కౌంటర్ దగ్గర మాట్లాడే తీరు మర్యాదగా ఉండాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ రూల్ మాత్రం పెట్టె ఎవరిదని చూడదు. ఎక్స్‌రేలో విడి బ్యాటరీ కనపడితే వెయ్యి డాలర్ల సూట్‌కేసు కూడా విప్పిస్తారు. కాబట్టి ఇంట్లోనే సరిగ్గా సర్దుకుంటే ఆ ఇబ్బందే ఉండదు. స్క్రీన్‌షాట్ తీసి గల్ఫ్‌లో ఉన్నోళ్ళకు పంపండి:

పవర్ బ్యాంక్, విడి బ్యాటరీలు ఎప్పుడూ చేతి బ్యాగులోనే. కింద వేసే సామానులో అస్సలు పెట్టకూడదు. క్యాబిన్‌లో పొగ వస్తే మనిషి చూస్తాడు, సిబ్బంది నీళ్ళు పోసి చల్లారుస్తారు. 2022 ఏప్రిల్‌లో దిబ్రూగఢ్ నుంచి ఢిల్లీ వచ్చే ఇండిగో విమానంలో ఒకరి ఫోన్ అంటుకుంటే సిబ్బంది అక్కడికక్కడే ఆర్పారు. అదే కింద గదిలో అయితే?

లెక్క ఇట్లా చూడండి. ఎంఏహెచ్‌ను 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్-అవర్లు వస్తాయి. 20,000 ఎంఏహెచ్ అంటే 74. వంద దాకా మామూలుగా ఓకే. 100 నుంచి 160 మధ్య ఉంటే విమాన సంస్థ అనుమతి కావాలి. 160 దాటితే లేదు. 30,000 అని రాసి ఉన్నది 111 అయితది, ముందే అడగండి. అంకెలు చెరిగిపోయిన పవర్ బ్యాంక్‌ను ఒప్పుకోకపోవచ్చు. ఉబ్బిన బ్యాటరీని అసలు తీసుకుపోకండి.

పవర్ బ్యాంక్‌ను పైన అరలో తోసేయకుండా దగ్గర ఉంచుకోండి. 2025 జనవరిలో దక్షిణ కొరియాలో ఎయిర్ బుసాన్ విమానం ఎగరకముందే పైన అరలోంచి మంటలేచి కాలిపోయింది, పవర్ బ్యాంక్ మీదనే అనుమానం. 176 మందీ బయటపడ్డారు. చాలా సంస్థలు ఇప్పుడు విమానంలో దాంతో చార్జింగ్ పెట్టుకోనివ్వట్లేదు.

ఫోన్, ల్యాప్‌టాప్ కూడా చేతి బ్యాగులోనే మేలు. కింద పెట్టక తప్పకపోతే పూర్తిగా స్విచాఫ్ చేసి, బట్టల మధ్య నలగకుండా పెట్టండి. బాడీ స్ప్రేలు ఒక్కోటి అర లీటరు మించకుండా, అన్నీ కలిపి రెండు లీటర్లు మించకుండా, మూత గట్టిగా.

ఇక్కడి నుంచి పోయేటోళ్ళకు ఒక మాట: కుడుకలు. పండుగకో పెండ్లికో అని ఎండు కొబ్బరి మూట కట్టుకపోతరు. నూనె ఎక్కువ ఉన్న ఎండు కొబ్బరి తనంతట తానే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది. నమ్మబుద్ధి కాదు కానీ అంతర్జాతీయ ప్రమాదకర సరుకుల పట్టికలో దానికి సొంత నంబరే ఉంది. అందుకే తీసి పక్కన పెడతారు.

చివరిగా, పెట్టెలో ఏముందో నిజం చెప్పండి. వేరేవాళ్ళ పెట్టె మీ పేరు మీద వేయకండి. వాల్యూజెట్ కాగితం మీద రాసింది ఒక్క పదం, ‘ఖాళీవి’ అని. ఆ ఒక్క పదం తప్పు.

ఏడీ రాసేటోళ్ళు, సీసా తూకం వేసేటోళ్ళు, సంతకం పెట్టే ఇంజనీర్లు తమ వంతు చేస్తున్నారు. కానీ ఏ ఆదేశమూ మీ సూట్‌కేసు జిప్పు లోపలికి రాలేదు. ఆ ఒక్క తనిఖీ మాత్రం మన చేతిలోనే ఉంది.

వచ్చే ఎపిసోడ్‌లో బ్లాక్ బాక్స్ గురించి మాట్లాడుకుందాం. నల్లగా ఉండని దానికి ఆ పేరు ఎందుకు, నీళ్ళ అడుగున అది ఎట్లా కూస్తది, చూద్దాం. అందాక మంచిగుండండి, ఉంటా.